కారు తాళాలు అడిగినంత తేలిగ్గా

నెలకొక శనివారం ఉదయం, అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఫైర్ స్టేషన్ పార్కింగ్ లాట్‌లో, చంటిపిల్లల్ని కార్లో కట్టి కూర్చోబెట్టే కార్ సీట్లు సరిగ్గా బిగించారో లేదో చూసే పని నాది. తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. జీతమేమీ ఉండదు. వారమంతా ఒక మందుల కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ ఒక్క పూట మాత్రం మోకాళ్ల కింద పాత యోగా మ్యాట్ వేసుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ల కార్ల వెనక సీట్లలోకి తల దూరుస్తాను. బిస్కెట్ పొడి, ఎండిపోయిన పాలమరకలు, జత పోయిన చిన్న మేజోళ్లు, అన్నీ కనిపిస్తాయి.

ఈ పనిలోకి రావడానికి ఒక కారణం ఉంది. మా అమ్మాయి పుట్టేనాటికి మేము ఈ దేశం వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లే రోజు మావారు కారు తెచ్చి గుమ్మం ముందు ఆపారు. నన్ను వీల్‌చైర్‌లో తోసుకొచ్చిన నర్సు, పాపని ఎక్కించనివ్వకుండా, ముందు వంగి సీటుని ఒక చేత్తో పట్టుకుని ఊపింది. అది ఊయల్లా ఊగింది. "ఇలా ఉంటే పంపను" అంది. మావారు మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించారు, ఆమె సరే అనేదాకా. వెనక కార్లన్నీ ఆగిపోయాయి. నాకు సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. ఎనిమిది నెలల తర్వాత, రెడ్ లైట్ దగ్గర ఆగి ఉన్న మా కారుని ఒక వ్యాన్ వెనకనుంచి గుద్దింది. డిక్కీ సగానికి ముడుచుకుపోయింది. పాప ఆ చప్పుడుకి ఏడ్చింది తప్ప ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆ నర్సు పేరైనా అడగలేదే అని చాలా ఏళ్లు అనుకున్నాను. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక, కార్ సీట్లు చూడటానికి నాలుగు రోజుల ట్రైనింగ్ ఇస్తారని తెలిసి వెళ్లి చేరాను.

ట్రైనింగ్‌లో మొదటి రోజే ఒక నియమం చెప్పారు. సీటు మనం బిగించకూడదు. తల్లో తండ్రో బిగించాలి, మనం పక్కన నిలబడి చెప్పాలి. రేపు కారు మార్చినా, సీటు తీసి ఉతికినా, మళ్లీ పెట్టుకోవలసింది వాళ్లే కదా. ఇంకో నియమం, ఎవరినీ తప్పు పట్టకూడదు. మా దగ్గరికి వచ్చే సీట్లలో చాలావాటికి ఏదో ఒక లోపం ఉంటుంది. పిల్లల మీద ప్రేమ లేక కాదు. ఎవరూ చూపించక.

మూడేళ్ల కిందట మా టేబుల్ పక్కన ఇంకో టేబుల్ వేశారు. దాని మీద అట్టపెట్టెలో తుపాకీ తాళాలు. సైకిల్‌కి వేసే తీగ తాళం లాంటివే, కాస్త పొట్టివి. తుపాకీలో తూటా వెళ్లే దారిలోంచి ఆ తీగ దూర్చి తాళం వేస్తే, తీసేదాకా అది పేలదు. అడిగినవాళ్లకి ఊరికే ఇస్తారు. ఆ టేబుల్ వెనక మడతకుర్చీలో ఒక అమెరికన్ పెద్దాయన కూర్చునేవారు. డెబ్బై దాటి ఉంటాయి. మోటు చేతులు, చెవిలో మెషీన్, ఎండైనా వానైనా ఒకటే గళ్ల చొక్కా.

నాకు మొదటి రోజే నచ్చలేదు. పిల్లల సీట్ల పక్కన తుపాకుల మాటేమిటి అనిపించింది. నా టేబుల్‌ని నాలుగడుగులు అవతలికి జరుపుకున్నాను. ఆయన చూశారు.

నా దగ్గర ఎప్పుడూ వరస ఉండేది. ఆయన దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. వచ్చినా, దారి తప్పి వచ్చినట్టు అటూ ఇటూ చూసి, ఒక తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయేవారు. కార్లు లేని సమయంలో ఎంతసేపని ఊరుకుంటాం, మెల్లగా మాటలు కలిశాయి. ఆయన నలభై ఏళ్లు కార్ బాడీ షాపు నడిపారట. గుద్దుకున్న కార్లకి సొట్టలు తీసి రంగు వేసే పని. శీతాకాలంలో జింకల వేటకి వెళతారు, ఇంట్లో నాలుగు రైఫిళ్లు ఉన్నాయి. ఆ సంగతి నాకు చెప్పి, నా మొహంలోకి చూసి నవ్వారు.

"పాత కార్లు ఇనపముద్దలండీ" అన్నారు ఒకసారి. "చెట్టుకి గుద్దినా కారుకి చిన్న సొట్ట. లోపల మనిషి మాత్రం మిగిలేవాడు కాదు. స్టీరింగ్ గుండెల్లో దిగేది. ఆ కార్లు నేనే కడిగాను. ఇప్పటి కార్లు చూడండి, ముందు భాగమంతా కాగితంలా నలిగిపోతుంది. ఓనర్ వచ్చి నా కారు పాడైపోయిందని నాతో పోట్లాడతాడు. పోట్లాడటానికి మనిషి మిగిలాడు కదా అని నేను సంతోషించేవాణ్ని."

సీట్ బెల్టుల గురించి కూడా చెప్పారు. మొదట్లో బెల్టు పెట్టుకోకపోతే మోగే బజర్‌ని పీకేయమని కస్టమర్లు ఆయన దగ్గరికే వచ్చేవారట. నా కారు, నా ప్రాణం, మధ్యలో గవర్నమెంట్ ఎవరని తిట్టేవారట. "ఎన్ని బజర్లు పీకానో లెక్క లేదు. నా కారుది కూడా పీకేసుకున్నాను" అన్నారు.

ఆ ఏడాది వేసవిలో నా టేబుల్ దగ్గరికి మాకు బాగా తెలిసిన జంట వచ్చింది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. అతనిది వరంగల్ వైపు, ఆమెది నెల్లూరు. నన్ను అక్కా అని, మావారిని అన్నా అని పిలుస్తారు. నెలకి రెండుసార్లయినా మా ఇంట్లో భోంచేసేవారు. ఆమెకి ఎనిమిదో నెల. కొత్త సీటు డబ్బాలోంచి ఇంకా తీయను కూడా లేదు.

అతను సీటు బిగిస్తుంటే నేను పక్కన నిలబడి చెబుతున్నాను. సీటు వెనక భాగం ముందు సీటుకి తగులుతోంది. ముందు సీటు కాస్త జరపాలి. మీట కోసం సీటు కింద చెయ్యి పెట్టాను. వేళ్లకి చల్లగా ఒక గట్టి పెట్టె తగిలింది.

"అక్కా, ఆగండి. అది నేను తీస్త" అన్నాడు.

నల్లటి చిన్న పెట్టె. తీసుకెళ్లి డిక్కీలో పెట్టి వచ్చాడు. అతని భార్య అటు తిరిగి ఫైర్ ఇంజిన్‌ని చూస్తోంది. నాకు అర్థమైంది. అయినా సీటు పని ముగిసేదాకా మాట్లాడలేదు. అతను మోకాలితో అదిమి, పట్టీ లాగి, ఊపి చూపించాడు. కదల్లేదు. అప్పుడు అడిగాను.

"పిస్టల్ అక్కా. పర్మిట్ ఉంది. లాస్ట్ ఇయర్ మా స్ట్రీట్‌లో మనవాళ్ల ఇల్లు పగలగొట్టిండ్రు కదా. వాళ్లు గుడికి పోయినప్పుడు చూసి వచ్చిండ్రు. మన ఇండ్లల్ల బంగారం ఉంటదని అందరికీ తెలుసు. ఇప్పుడు పాప కూడా వస్తుంది. నేను రిస్క్ తీసుకోలేను."

"నాకు ఇష్టం లేదక్కా" అంది ఆమె, ఇటు తిరక్కుండానే. "చెప్పీ చెప్పీ ఊరుకున్నాను."

పెద్దాయనకి తెలుగు రాదు. కానీ పెట్టె చూశారు. లేచి వచ్చి, అతని చేతిలో ఒక తాళం పెట్టి, ఎలా వెయ్యాలో గాలిలో చేతులతో చూపించారు. "పాప వచ్చాక కార్లో వద్దు బాబూ. ఇంట్లో, తాళం వేసి" అన్నారు ఇంగ్లీషులో. అతను మర్యాదగా థ్యాంక్స్ చెప్పి జేబులో వేసుకున్నాడు. అది విప్పను కూడా విప్పడని నాకు తెలుసు.

పాప పుట్టింది. రాకపోకలు మామూలే. కానీ నాకూ అతనికీ మధ్య ఆ విషయం మీద వాదన మొదలైంది. ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర, టీవీలో ఎక్కడో ఒక స్కూల్లో కాల్పుల వార్త వస్తుంటే, నేను ఆగలేకపోయాను.

"కార్‌కి పరీక్ష పాసవ్వాలి, లైసెన్స్ కావాలి, రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్స్ ఉండాలి. గన్‌కి కూడా అంతే పెడితే ఏం పోయింది?" అన్నాను.

అతను చెయ్యి కడుక్కుని వచ్చి తీరిగ్గా కూర్చున్నాడు. వాదనంటే అతనికి ఇష్టమే. "అక్కా, లైసెన్స్ దేనికి? పబ్లిక్ రోడ్డు మీద నడపడానికి. నాకు సొంత ల్యాండ్ ఉంటే అందులో నంబర్ ప్లేట్ లేకుండ కూడా నడుపుకోవచ్చు. నా ఇంట్లో నా గన్ కూడా అంతే కదా."

"కార్ గోడ దాటి రాదు. తూటా దాటుతుంది."

"ఇంకోటి. డ్రైవింగ్ అంటే స్టేట్ మనకిచ్చిన పర్మిషన్. గన్ అట్ల కాదు, కాన్‌స్టిట్యూషన్‌ల ఉంది. సిటిజన్‌షిప్ టెస్ట్‌కి మీరూ చదివిండ్రు, నేనూ చదివిన. రెండూ ఒక్కటెట్ల అయితయ్?"

"హక్కు ఉంటే జాగ్రత్త ఉండకూడదా?"

"జాగ్రత్త నేను తీసుకుంట. నాకు గవర్నమెంట్ చెప్పాల్నా?"

"సీట్ బెల్ట్ గురించి కూడా ఒకప్పుడు ఇదే అన్నారట."

"అన్నరేమో. కానీ బెల్ట్ పెట్టుకున్నోడి కార్ ఎవరూ గుంజుకోలే కదా అక్కా. ఇక్కడ భయం అదే. ఇయ్యాల లిస్టులో పేరు, రేపు ఇంటికి వస్తరు."

మావారు "పెరుగు వేసుకోండయ్యా" అంటూ గిన్నె మధ్యలో పెట్టారు. ఆయన ఏ వాదనలోనూ ఉండరు. ఆ రోజు అక్కడితో ఆగింది.

ఆ తర్వాత మా శనివారం వచ్చినప్పుడు ఆ సంగతంతా పెద్దాయనకి చెప్పాను. ఆయన నా పక్షాన ఏదైనా గట్టి మాట అందిస్తారని ఆశ. నలభై ఏళ్లు కార్ల మధ్య బతికినాయన కదా. ఆయన చెవిలో మెషీన్ సర్దుకున్నారు.

"మీరన్నది సగం నిజం. నేను షాపు పెట్టిన రోజుల్లో పోయినవాళ్లందరికీ లైసెన్సులు ఉన్నాయి. లైసెన్స్ ఒక్కటే వాళ్లని కాపాడలేదు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, తాగుతాడు, కునికిపాట్లు పడతాడు అని ముందే ఒప్పుకుని, దానికి తగ్గట్టు కారుని మార్చారు, రోడ్డుని మార్చారు. మనుషులందరూ మంచివాళ్లయ్యేదాకా ఆగలేదు. అది మంచి పద్ధతి."

"మరి తుపాకీకి కూడా అదే పద్ధతి పెట్టొచ్చుగా?"

"పెట్టొచ్చు, కొంతవరకు. పిల్లల చేతికి దొరక్కుండా, దొంగ చేతికి దొరక్కుండా. కానీ కారు గుద్దిందంటే ఎక్కడో ఏదో తప్పు జరిగినట్టు. తుపాకీ పేలి మనిషి పడిపోయాడంటే, దాన్ని చేసింది అందుకే. అది సరిగ్గానే పనిచేసింది. మీ పోలిక అక్కడ ఆగిపోతుంది."

ఒక కారు వచ్చింది. నేను వెళ్లి చూసి వచ్చాను. తిరిగొచ్చేసరికి ఆయన తాళాలన్నీ పెట్టెలోంచి తీసి మళ్లీ సర్దుతున్నారు. తల ఎత్తకుండా చెప్పడం మొదలుపెట్టారు.

"నాకొక తమ్ముడు ఉండేవాడు. తాగేవాడు. భార్య వెళ్లిపోయాక మరీ ఎక్కువైంది. ఒక ఆదివారం వాడింటికి వెళ్లి, నీ కారు తాళాలు ఇవ్వు, కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకుంటాను అన్నాను. వాడు నవ్వి ఇచ్చేశాడు. దార్లో ఎవరినైనా గుద్దుతాడేమో, తానే గుద్దుకుంటాడేమో అని నా భయం. వాడి తుపాకులు హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాయి. ఆ బీరువాకి భుజం ఆనించి నిలబడే నేను మాట్లాడాను. దాని తాళం దానికే ఉంది. అది తీసుకోవాలని నాకు తట్టలేదు. తట్టనే లేదు. బుధవారం పోయాడు."

నేను ఒక కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను.

"కారు తాళాలు అడగడం మాకు నేర్పారండీ. బార్‌లలో రాసి పెట్టారు, టీవీలో చెప్పారు. అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇది అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదు. తుపాకీతో పోయేవాళ్లలో ఎక్కువమంది తమ చేత్తో తాము పోయేవాళ్లే. మా టీవీ వాదనల్లో వాళ్లు ఉండరు. అందుకే నేనిక్కడ కూర్చుంటాను."

ఇంటికి వస్తూ దారంతా ఆ మాటే. నిజమే, మా పార్టీల్లో ఎవరైనా రెండు గ్లాసులు ఎక్కువ తీసుకుంటే మావారు భుజం మీద చెయ్యి వేసి తాళాలు లాగేసుకుంటారు. అవతలివాళ్లు నవ్వుతారు, వాళ్లావిడ డ్రైవ్ చేసుకుని వెళుతుంది. అది అవమానం కాదు, ఆప్యాయత. తర్వాతి నెల నా టేబుల్‌ని ఆయన టేబుల్ పక్కనే వేసుకున్నాను.

ఆ చలికాలంలో ఆ వరంగల్ అబ్బాయి ఉద్యోగం పోయింది. టీమ్ మొత్తాన్ని ఒక్క మెయిల్‌తో తీసేశారు. మొదటి నెల అతను హుషారుగానే ఉన్నాడు. పాపని ఆడించుకుంటున్నా అక్కా, బ్రేక్ దొరికింది అనేవాడు. రెండో నెల నుంచి మా ఇంటికి రావడం తగ్గింది. ఫోన్ చేస్తే ఇంటర్వ్యూ ఉందనేవాడు.

ఒక మధ్యాహ్నం నేను ఆఫీసులో లంచ్ బాక్స్ తెరుస్తుంటే అతని భార్య ఫోన్ చేసింది. వాళ్ల ఆఫీసు పార్కింగ్‌లో కార్లో కూర్చుని మాట్లాడుతోంది.

"ఏం లేదక్కా, ఊరికే చేశాను" అంది. మళ్లీ తనే, "సరిగ్గా తినట్లేదు. పడుకోవట్లేదు. పాప ఏడుస్తున్నా వినపడనట్టు కూర్చుంటున్నాడు. నిన్న నన్ను పిలిచి, లైఫ్ ఇన్సూరెన్స్ పేపర్లు ఎక్కడున్నాయో, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు ఎక్కడ రాశాడో చూపించాడు. ఎందుకని అడిగితే, నీకూ తెలియాలి కదా అన్నాడు. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో."

"గన్ ఎక్కడుంది?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"బెడ్‌రూమ్ క్లోజెట్‌లో. ఆ పెద్దాయన ఇచ్చిన లాక్ కవర్‌లోనే ఉంది, డ్రాయర్‌లో."

నేను బాక్స్ మూసేసి పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన తొందరపడకుండా చెప్పారు. వాదించకండి. తుపాకులు మంచివా చెడ్డవా అన్న మాటే ఎత్తకండి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. కొన్నాళ్లకే అని చెప్పండి. మీరు దాన్ని ముట్టుకోకండి. నాకు తెలిసిన తుపాకుల షాపులో ఇలాంటివి దాచి పెడతారు. ఒప్పుకుంటే నన్ను పిలవండి.

మావారికి చెప్పాను. ఆయన ఆఫీసు నుంచి తిన్నగా వచ్చారు. ఐదున్నరకల్లా వాళ్లింట్లో ఉన్నాం. ఆమె మాకన్నా ముందే ఇంటికి వచ్చేసింది.

అతను గడ్డం పెంచుకుని, సోఫాలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, "చెప్పకుండ వచ్చిండ్రు, బిర్యానీ తెప్పిస్తుంటి కదా" అన్నాడు. నేను కూర్చోకుండానే అడిగేశాను. కూర్చుంటే అడగలేనని భయం.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా నీకు?"

అతని మొహం మారిపోయింది. భార్య వైపు చూశాడు. "ఏం చెప్పినవ్ వీళ్లకి?"

"తను ఏమీ చెప్పలేదు. నేనే అడుగుతున్నాను."

"నాకేం కాలే అక్కా. జాబ్ పోయింది అంతే. సగం అమెరికాకి పోయింది. రేపు ఫైనల్ రౌండ్ ఉంది నాకు, ప్రిపేర్ అవుతున్న."

"సరే. నాకు ఒక్క పని చేసి పెట్టు. ఆ పిస్టల్ కొన్నాళ్లు ఈ ఇంట్లో వద్దు. జాబ్ వచ్చాక తెచ్చుకో. ఎవరూ గుంజుకోరు."

"ఓ. అదా సంగతి" అన్నాడు. గొంతు పెరగలేదు. మళ్లీ సోఫాలో కూలబడ్డాడు. "మీరు డిబేట్ గెలవడానికి వచ్చిండ్రా అక్కా? నేను పిచ్చోణ్ణని అనుకుంటున్నరా? నా పాప ఉన్న ఇంట్లో నాకు తెలవదా ఏం చెయ్యాల్నో?"

పెద్దాయన చెప్పమన్నవన్నీ అప్పటికే అయిపోయాయి. కళ్లనీళ్లు తిరిగాయి. వెళ్లిపోదామా అన్నట్టు మావారి వైపు చూశాను.

ఆయన సోఫాలో అతని పక్కన కూర్చున్నారు.

"నాకు జాబ్ పోయింది ఒకసారి. మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు" అన్నారు. "మీ అక్కకి చెప్పలేదు. రెండు వారాలు రోజూ పొద్దున్నే తయారై, బాక్స్ తీసుకుని, డౌన్‌టౌన్‌లో పార్కింగ్ గరాజ్ ఉంటుంది చూడు, అందులో ఐదో అంతస్తులో కార్లో కూర్చుని సాయంత్రం ఇంటికొచ్చేవాణ్ని. పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూసేవాణ్ని. చాలా రోజులు చూశాను. కొన్ని రోజులు చాలాసేపు చూశాను."

నేను ఆయన్నే చూస్తున్నాను. అది జరిగి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఉద్యోగం మారానని ఒక సాయంత్రం ఆయన చెప్పడం గుర్తుంది. అంతకు మించి నాకేమీ తెలియదు.

"దూకడానికి ధైర్యం చాలలేదు. అంతే. మంచివాణ్నయి కాదు, ఇంట్లోవాళ్లు గుర్తొచ్చీ కాదు. అప్పుడు డ్రాయర్ తెరిస్తే చేతికి అందేది ఏదన్నా మా ఇంట్లో ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. లేదు కాబట్టి ఇక్కడున్నాను. నేను పిచ్చోణ్ణి కాదు, నువ్వూ కాదు."

అతను లాప్‌టాప్ మూశాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పక్క గదిలో పాప నిద్రలేచి గొణిగింది. ఆమె వెళ్లబోతే నేను వెళ్లి తెచ్చుకున్నాను.

చాలాసేపటికి అతను లేచాడు. మెట్లు ఎక్కబోతూ ఆగి, "అన్నా, మీరు గూడ రండి పైకి. ఒక్కణ్ణి పోను" అన్నాడు.

ఇద్దరూ వెళ్లారు. ఆమె మెట్ల కింద రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. పాప నా భుజం మీద చీమిడి రాస్తోంది. దిగి వచ్చినప్పుడు పెట్టె మావారి చేతిలో ఉంది. మావారికి అది పట్టుకోవడం కొత్త. రెండు చేతులూ ముందుకు చాపి, వేడి గిన్నెని పట్టుకున్నట్టు తెచ్చి, బల్ల మీద పెట్టారు.

నేను ఫోన్ చేసిన ఇరవై నిమిషాల్లో పెద్దాయన తన పికప్ ట్రక్‌లో వచ్చారు. బూట్లు గుమ్మం బయట విప్పుతుంటే వద్దన్నా వినలేదు. పెట్టె తెరిచి, పిస్టల్‌లోంచి తూటాలు తీసి వేరే సంచిలో వేసి, ఖాళీ అని మూడుసార్లు చూశారు. అతనితో, "షాపుకి నువ్వూ రా. నీ వస్తువు. నువ్వే ఇచ్చి నువ్వే రసీదు తెచ్చుకోవాలి" అన్నారు. సీట్ల దగ్గర నేను పాటించే నియమమే అది. ఆయన ఎప్పుడు గమనించారో. ఇద్దరూ కలిసి వెళ్లారు.

ఆ సాయంత్రం కార్లో ఇంటికి వస్తూ మావారిని అడిగాను. "రెండు వారాలు ఏం చేసేవారు రోజంతా?"

"రేడియో వినేవాణ్ని. నువ్వు పెట్టిన బాక్స్ తినేవాణ్ని. నీకు తెలిసిపోతుందేమో అని మిగల్చకుండా తినేవాణ్ని."

"నాకు చెప్పొచ్చుగా."

"నువ్వు అడగలేదుగా" అన్నారు. తప్పు పడుతున్నట్టు కాదు, జరిగింది చెబుతున్నట్టు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

అతను డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. మందులు వాడాడు, వారానికొకసారి కౌన్సెలర్‌తో మాట్లాడాడు. మర్నాటి ఫైనల్ రౌండ్ ఉద్యోగం రాలేదు. ఇంకో మూడు నెలలకి వేరే చోట వచ్చింది. ఆ మధ్యలో నాతో అంటీముట్టనట్టు ఉన్నాడు. మావారితో మాత్రం రోజూ సాయంత్రం వాకింగ్‌కి వెళ్లేవాడు. ఏం మాట్లాడుకునేవారో నేను అడగలేదు, అడగవలసింది నేను కాదనిపించింది.

పాప మొదటి పుట్టినరోజు అయ్యాక ఒకరోజు అతనే వచ్చి చెప్పాడు. పిస్టల్ వెనక్కి తెచ్చుకున్నాడట. గోడకి బిగించే స్టీల్ సేఫ్ కొన్నాడట. దాన్ని తెరిచే నంబర్ భార్యే పెట్టుకుందట, అతనికి తెలియదట. నాకు మనసులో కలుక్కుమంది. తెచ్చుకోడని ఎందుకో గట్టిగా నమ్మాను.

"నంబర్ తెలియకపోతే దొంగ వచ్చినప్పుడు ఎలా తీస్తావు?" అన్నాను, ఉండబట్టలేక.

"అదే ఆలోచిస్తున్న అక్కా" అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత.

మా వాదన తేలలేదు. చట్టం వద్దు, మనుషులు ఒకరినొకరు చూసుకుంటే చాలంటాడు అతను. ఒకరినొకరు చూసుకునేవాళ్లు లేనివాళ్ల సంగతేమిటి అంటాను నేను. ఆ రోజు మీరు రాకున్నా ఏం కాకపోయేది అంటాడు అప్పుడప్పుడు. కావచ్చు. ఏమీ కానప్పుడు ఏమయ్యేదో చెప్పడం ఎవరివల్లా కాదు. బెల్టు పెట్టుకుని, ఏ ప్రమాదమూ లేకుండా ఇంటికి చేరినవాళ్లు కూడా బెల్టు నన్ను కాపాడిందని అనుకోరు. కార్ల విషయంలో ఈ దేశం ఆ పని చట్టంతోనూ చేసింది, పక్కన కూర్చున్నవాళ్ల సతాయింపుతోనూ చేసింది. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పడం నాకు చేతకాదు. చట్టం ఉండాలనే నేను ఇప్పటికీ అనుకుంటాను. దానికోసం మా ప్రజాప్రతినిధులకి ఉత్తరాలు రాస్తాను. కానీ అది వచ్చేదాకా చేతులు ముడుచుకోలేను.

మొన్న వసంతకాలంలో అతనే ఒక మాట అన్నాడు. వాళ్ల పాప ఇప్పుడు పరుగులు పెడుతోంది, స్నేహితుల ఇళ్లకి ఆడుకోవడానికి వెళుతోంది. "అక్కా, మీ దగ్గరికి వచ్చే పేరెంట్స్‌కి ఒకటి చెప్పండి. పిల్లల్ని ఎవరింటికన్నా పంపేటప్పుడు మీ ఇంట్లో గన్ ఉందా, లాక్ చేసి ఉందా అని అడగమనండి. అలర్జీలు ఉన్నయా అని అడుగుతలేరా, అట్లనే. మమ్మల్ని గూడ అడగమనండి. నేను ఏం అనుకోను."

అప్పటినుంచి సీటు చూడటం అయ్యాక, ఆ మాట ప్రతి తల్లికీ తండ్రికీ చెబుతున్నాను. కొందరు తల ఊపుతారు. కొందరు మొహం ముడుచుకుంటారు, మాకెందుకండీ అంటారు. కిందటి నెల వచ్చిన ఒక తెలుగమ్మాయి మాత్రం, కొత్తగా వచ్చినట్టుంది, నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, "ఆంటీ, ఎలా అడగాలో ఒకసారి మీరు నన్ను అడిగి చూపించండి. నేను నేర్చుకుంటాను" అంది. పార్కింగ్ లాట్‌లో ఎండలో నిలబడి, ఇద్దరం రెండుసార్లు అడిగి చూసుకున్నాం. మొదటిసారి ఆ అమ్మాయి మధ్యలో తడబడి ఆగిపోయింది. రెండోసారి చివరిదాకా అడిగింది.